సరోజ ఫోనులో గీసిన బొమ్మ

ఈ రోజు సాయంత్రం మా గుడియాత్తం ఇంట్లో ఫోను మోగింది. జోలార్పేట నుంచి సరోజ. మన బొమ్మకార్డుల బృందంలో నాకు జోడీ ఆమే. పోస్టుకార్డు మీద సగం బొమ్మ నేను గీసి పంపితే, మిగతా సగం తను గీసి తిప్పి పంపుతుంది. సరోజకు మాట తెలుగు, చదువు తమిళం. నాకేమో తమిళ అక్షరం రాదు. అందుకే పన్నెండేళ్ళుగా మా ఉత్తరాలన్నీ బొమ్మలే.

మూడు నెలల కిందట సగం మగ్గం గీసి పంపాను. అప్పటినుంచి పోస్టుమన్ సైకిలు బెల్లు వినబడితే చాలు, ఈ నొప్పుల మోకాళ్ళతోనే వాకిట్లోకి పరుగు.

"అక్కా, మా ఇంటికీ ఫోను వచ్చేసింది!" అంది.

"సంతోషం. నా కార్డు యాడుండాదే?"

"ఇంక కార్డెందుకక్కా? నోటితోనే చెప్తా, విను. మగ్గం పక్కన కిటికీ. కిటికీలో రెండు కాకులు. ఒకటి నీ మాదిరే కోపంగా చూస్తా ఉండాది."

"నోటితో గీసినదాన్ని గోడకెట్ట అంటించేదే తల్లీ?"

పకపకా నవ్వింది. అబద్ధమెందుకు, నేనూ నవ్వాను.

ఫోను పెట్టేశాక ఆ కాకుల్ని నేనే గీయబోయాను. సరోజ కాకులకు ముక్కు ఎప్పుడూ కాస్త వంకరగా ఉంటుంది. ఎన్నిసార్లు గీసినా నా చేతికి ఆ వంకర రాలేదు.

మీ జోడీల ఇళ్ళకూ ఫోన్లు వచ్చాయా? వచ్చాక కూడా బొమ్మలు పంపుతున్నారా? నాకు రాయండి. దయచేసి ఫోను మాత్రం చెయ్యకండి.