ఊరికే కూర్చున్న అవ్వ

భద్రాచలం దాటాక అడవి అంచు పల్లెలో మేము తీసిన సినిమాకు ఆ అవ్వే నాయిక. మామూలు మనుషుల మామూలు రోజుల్ని నెమ్మదిగా, మాటల్లేకుండా చూపించాలన్నది నా పిచ్చి. ఆమె చేతులు మాత్రం ఆగేవి కావు. మాతో మాట్లాడుతూనే చింతకాయలు కొట్టి గింజలు తీసేది.

"చేతులు ఒళ్లో పెట్టుకుని అడవికేసి చూస్తూ కూర్చో అవ్వా" అన్నాను.

"పట్టపగలు ఊకె కూసుంటరా సారూ?" అంది. నా మాట తీసెయ్యలేక కూర్చుంది. ఆరు నిమిషాలు కెమెరా ఆపలేదు.

హైదరాబాద్‌లో సినిమా వేసినప్పుడు జనం ఆ దృశ్యానికే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "అసలైన బతుకంటే ఇదీ" అన్నారు. నేనూ నమ్మాను.

తర్వాత వాళ్ల ఊరి బడి గోడ మీద ఆ సినిమా వేశాం. ఆ దృశ్యం రాగానే ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. "ఏందే, పనిదొంగవైనవా?" అని ఒకామె అరిచింది. అవ్వ లేచి వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె ఇంటికి వెళ్లాను. చింతకాయలు కొడుతోంది, తలెత్తలేదు.

"పొద్దున లేచిన కాడికెళ్లి పండుకునేదాక చేస్తనే ఉంట సారూ. గదంత ఇడిచిపెట్టి, నేను ఊకె కూసున్నదే లోకానికి చూపెట్టిన్రా?"

చింతకాయలు కొడుతూనే ఉంది. ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నది నేనే.