వెలవని ఎరుపు

ఆ రోజుల్లో డిగ్రీ చదివినవాడికి ఉద్యోగమైతే దొరికేది గానీ, అదేం ఉద్యోగమో ఇంట్లోవాళ్లకు చెప్పడమే కష్టంగా ఉండేది. నాది బట్టల రంగులు ఎండకు ఎంత వెలుస్తాయో చూసే పని. జంపఖానాలకు వాడబోయే కొత్త ఎరుపు గుడ్డను, పరీక్ష కోసమే అద్దిన నీలి ఉన్ని పట్టీల పక్కన చట్రంలో బిగించి, సగం అట్టతో మూసి ఎండలో పెట్టాలి. ఏ నీలి పట్టీ ముందు వెలుస్తుందో, ఏది తర్వాతో ముందే తెలుసు గనుక, ఎరుపు దేనితో సమంగా వెలిసిందో చూసి రిపోర్టు రాయాలి. అది అందగానే నన్ను హైదరాబాదుకు పిలిపించుకుంటానని మా సారు మాటిచ్చారు.

హాస్టల్లో పదిమంది గోల మధ్య నిద్రపోయినవాణ్ణి. వరంగల్లో నాతో రోజూ మాట్లాడేది హోటల్ సర్వర్ ఒక్కడే (అదీ "ఇంకేం గావాలె?" అని). ఆఫీసున్న గల్లీలో ఎండ పడదు గనుక, చట్రాన్ని నేను అద్దెకున్న డాబా మీద పెట్టి పొద్దున్నే పోయేవాణ్ణి. కింద ఇంటి అవ్వ ఒక్కతే ఉండేది. ఆమె పలకరించదు, నాకు చేతకాదు.

ఎండలు ముదిరాయి. రోడ్డు మీద తారు కరిగింది, నా గొడుగు నలుపు బూడిదరంగయింది, ఎరుపు మాత్రం చెక్కుచెదరలేదు. నీలి పట్టీలూ అంతే. వరంగల్ ఎండ కొంచెం మెతకేమోనని సారుకు విన్నవించుకున్నాను. ముందు నా తలను ఎండలో పెట్టి చూసుకోమన్నారు.

ఒకనాడు తలనొప్పితో మధ్యాహ్నమే వచ్చి డాబా ఎక్కితే, అవ్వ చట్రం మీద బొంత కప్పుతోంది.

"రంగుబట్టను గిట్ల ఎండల పెడ్తరా బిడ్డా? నువ్వు పోంగనె రోజు నేనే కప్పి, నువ్వొచ్చేటాల్లకు తీస్తాన."

"రంగు పోవాల్ననే పెట్టిన అవ్వా. అది పోతెనే నన్ను హైద్రాబాదు పిలుస్తరు."

ఆమె బొంత మడిచి చంకన పెట్టుకుని దిగిపోయింది. మర్నాటి నుంచి నీడ జరిగినకొద్దీ చట్రాన్ని ఎండలోకి జరపడం తన పనే అనుకుంది. సాయంత్రం నేను రాగానే చాయ్ పట్టుకుని పైకొచ్చి, రంగు సంగతితో మొదలుపెట్టి, స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉన్న చెల్లెలితో మాటలు ఎందుకు ఆగిపోయాయో అక్కడిదాకా చెప్పేది. పొద్దుగూకినా చెబుతూనే ఉండేది.

ఇంతలో ఎరుపు ఇటుకరంగుకు దిగింది. మెట్ల మీంచి చూసి కూడా రిపోర్టు రాసేయొచ్చు.

"పోయిందా?" అంది అవ్వ.

"ఇంకా పోలే అవ్వా."

ఆమె గుడ్డను కళ్ల దగ్గరికి తెచ్చుకుని అటూ ఇటూ తిప్పింది. "అవ్ బిడ్డా, యాడ పోయింది? కొత్తదాని లెక్కనే ఉన్నది."

రిపోర్టు వానాకాలంలో పంపాను, ఆలస్యానికి మబ్బులు కారణమని. శాస్త్రానికి నాలోని ఆనాటి కుర్రవాడు ఏమాత్రం పనికిరాడు గానీ, ఎందుకో అతని మీద నాకు ఇప్పటికీ కోపం రాదు.