ఎరుపు ఏ చేతికి

ఉద్యోగం చేసినన్నాళ్ళూ డ్రైవరు తన బస్సు మీద చిన్న గీత కూడా పడనివ్వలేదు. ఆ పరువంతా రిటైరయ్యాక నీళ్ళపాలైంది. అదీ రేవు ఎదురుగానే, వలలు ఆరేసుకుంటున్న జనం చూస్తుండగా, పడవను తీసుకెళ్ళి ఇసుకమేట ఎక్కించడంతో.

ఆ పడవ బావమరిదిది. అడిగి ఇప్పించింది డ్రైవరు భార్య. ఆమె అదే బస్సులో కండక్టరుగా చేసింది. రిటైరైన మొగుడు వంటింట్లో కుర్చీ వేసుకుని, స్టవ్వు మంట ఎక్కువైందనీ, గిన్నెలు వరసలో లేవనీ అనడం మొదలెట్టేసరికి ఆమెకు ప్రాణం విసిగిపోయింది. తమ్ముడి దగ్గరికెళ్ళి, "మీ బావని రోజూ కాసేపు ఎక్కడికైనా పంపరా, పుణ్యముంటుంది" అంది. తమ్ముడు పాత ఇంజను పడవ ఇచ్చాడు, గాలం వెయ్యడం నేర్పాడు, దారి చూపించాడు.

దారి అంటే, రేవు నుంచి సముద్రంలోకి పోయే లోతైన కాలువ. దానికి రెండు పక్కలా ఇసుకమేటలే. ఒక అంచున ఎర్ర బోయాలు, ఇంకో అంచున పచ్చవి, గొలుసులకు కట్టిన పీపాల్లా, దారి గుర్తులుగా తేలుతుంటాయి. పోనీ ఎదురెదురుగా ఉంటాయా అంటే ఉండవు. ఇక్కడొకటుంటే మరొకటి ఎక్కడో దూరాన. అందుకని బోయా కనబడగానే దానికి ఏ పక్క నుంచి పోవాలో ముందే తెలిసుండాలి. ఈ పాఠం బావమరిది మొదటిరోజు వేట ముగించుకుని తిరిగొస్తూ చెప్పాడు: ఎరుపు ఎడమచేతికి, పచ్చ కుడిచేతికి. డ్రైవరు దాన్ని రూటు నంబరులా బుర్రలో అచ్చేసుకున్నాడు.

పోటుతో నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు ఎటు పోయినా పడవ తేలిపోయేది. ఆటు వేళల్లో మాత్రం ఇసుక పట్టేసుకునేది. బావమరిది వచ్చి తాడు కట్టి లాగేవాడు. లాగుతూ, ఎర్రదాన్ని ఏ చేతికి ఉంచావని అడిగేవాడు. ఎడమచేతికే అనేవాడు డ్రైవరు. జవాబు సరిగ్గానే ఉంది కాబట్టి లోపం చుక్కాని పట్టే చేతిలోనే ఉందని బావమరిది తేల్చేశాడు. రేవులో వాళ్ళు డ్రైవరుకి 'లాస్ట్ స్టాపు' అని పేరు పెట్టుకున్నారు.

చివరికి ఒకరోజు తాడు చుట్టుకుంటూ బావమరిది అన్నాడు: "ఇంకొక్కసారి ఇసుక మీద కనబడ్డావంటే నా పడవ నాకిచ్చెయ్ బావా. అడుగు అరిగి జల్లెడయ్యేలా ఉంది."

ఆ మధ్యాహ్నమే డ్రైవరు దిగులుగా వంటింట్లోకి వచ్చి, ఉప్పు డబ్బా పెట్టాల్సిన చోటు గురించి ఎత్తుకున్నాడు. కండక్టరు ట్రంకుపెట్టె తెరిచి పాత ఈల తీసింది.

మర్నాడు నీళ్ళు తక్కువగా ఉన్నాయి. ఆమె పడవ ముందు భాగాన మొగుడి కేసి తిరిగి కూర్చుంది. రేవు దాటాక మొదటి ఎర్ర బోయా కనబడింది. డ్రైవరు శ్రద్ధగా దాన్ని ఎడమచేతికి వచ్చేలా పడవ తిప్పాడు. ఆమె తల తిప్పి చూసేసరికి ముందున్న నీళ్ళ అడుగున ఇసుక తెల్లగా మెరుస్తోంది. ఒక్క ఈల వేసింది.

డ్రైవరు కుడికాలు దభీమని అడుగుచెక్క మీద పడింది.

"కాలు తియ్యండి. అక్కడ బ్రేకు లేదు."

ఆయన తేరుకుని ఇంజను ఆపాడు. పడవ ఇసుకకు మూరెడు దూరంలో నిలిచింది. రేవులో వలలు వదిలేసి జనం ఇటే చూస్తున్నారు.

"ఎర్రది ఎడమచేతికని ఎవరు చెప్పారు?"

"నీ తమ్ముడే."

"పోతూ చెప్పాడా, వస్తూ చెప్పాడా?"

"వస్తూ. ఎప్పుడు చెప్తేనేం?"

"మన రూట్లో ఆసుపత్రి ఏ పక్కనుండేది?"

"వెళ్ళేటప్పుడా, వచ్చేటప్పుడా?" అన్నాడు డ్రైవరు. అని, ఎర్ర బోయా కేసి ఒకసారి, వెనకున్న రేవు కేసి ఒకసారి చూశాడు.

ఆమె బస్సు కదలమన్నట్టు రెండు ఈలలు వేసింది. ఆయన పడవను వెనక్కి తీసి, ఎర్ర బోయాను కుడిచేతికి వదిలి, కాలువలోకి మెత్తగా మళ్ళించాడు. చివరి బోయా దగ్గర, గొలుసు నీడన చేపలు గుంపు కట్టే చోట ఇద్దరూ గాలాలు వేశారు. ఆమెకు పడినన్ని కానాగంత చేపలు ఆయనకు పడలేదు. టిక్కెట్లు చింపిన వేళ్ళు కదా, తీగ కదిలితే చాలు పట్టేసేవి.

తిరిగొచ్చేసరికి బావమరిది తాడు భుజాన వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. పడవ ఎర్రవాటిని ఎడమచేతికి వదులుకుంటూ నేరుగా వచ్చి గట్టుకు ఆనింది. ఇంజను ఆపినా డ్రైవరు లేవలేదు. ఆఖరి స్టాపులో అందరూ దిగారని చూసుకుని కండక్టరు పొడుగు ఈల వేస్తేనే ఆయన సీటు వదలడం అలవాటు. ఆమె వేసింది. ఆయన దిగాడు.

బావమరిది భుజం మీది తాడు దించి, "రేపు కూడా అక్క రావాలా బావా?" అని నవ్వాడు.

"నేనెందుకు, దారి తెలిసిందిగా," అంది కండక్టరు, చేపల బుట్ట మొగుడి చేతికిస్తూ. "ఆయనొక్కరే వెళ్తారు. నాకు వంటింట్లో బోలెడు పనుంది."

మర్నాడు తెల్లవారి డ్రైవరు గాలం పట్టుకుని మెట్లు దిగుతూ ఏదో గుర్తొచ్చి ఆగాడు. ఉప్పు డబ్బా గురించి చెబుదామని వెనక్కి తిరిగాడో లేదో, గుమ్మంలోంచి రెండు ఈలలు వినిపించాయి.