ఆరో స్తంభం మీట

ఖాజాగూడ రాళ్ళ వెనక, గుట్టకూ కొత్త టవర్లకూ మధ్య మిగిలిపోయిన ఎకరంన్నర జాగాలో మా ఓనర్ వ్యాన్ల మైదానం నడిపేవాడు. మంచం, పొయ్యి, ఫ్రిజ్జు అన్నీ లోపలే ఉండే పెద్ద వ్యాన్లలో ఊళ్ళు తిరిగేవాళ్ళు అక్కడ బండి ఆపుకుని ఒకటి రెండు రోజులు ఉండి పోయేవారు. ఎనిమిది వ్యాన్లకు చోటు. ఒక్కో చోటికీ ఒక ఇనుప స్తంభం, దానికి కరెంటు సాకెట్టు, పక్కనే నీళ్ళ కుళాయి. వ్యాను లేనివాళ్ళకు నాలుగు గుడారాలు కూడా వేసి ఉంచాడు. అక్కడ ఎలక్ట్రీషియన్ని నేనే, గేటు తీసేవాణ్ణీ నేనే. నా భార్య బాత్రూములు కడిగేది, గుడారాల్లో దుప్పట్లు మార్చేది. నల్గొండ జిల్లా నుంచి వచ్చిన మేమిద్దరం ఆ మైదానం మూలన రేకుల గదిలో ఉండేవాళ్ళం.

కరెంటు కార్లకు చార్జింగ్ ఇవ్వకూడదన్నది ఓనర్ పెట్టిన నియమం. నేను ఒక్కసారి దాన్ని తప్పాను. ఎండాకాలం మొదట్లో ఒక జంట కారు ఆగిపోయేలా ఉందని బతిమాలితే ఖాళీగా ఉన్న సాకెట్టు చూపించాను. అరగంటలో మెయిన్ స్విచ్చి పడిపోయి మైదానమంతా కరెంటు పోయింది. నేను గుడారాల వెనక పైపు బిగిస్తూ ఉండిపోయాను, చూసుకోలేదు. పుణె నుంచి వచ్చిన వ్యాన్లో ఫ్రిజ్జు ఆగి, పసిపాప కోసం దాచిన పాలన్నీ విరిగిపోయాయి. ఓనర్ మణికొండ నుంచి పది నిమిషాల్లో వచ్చాడు.

"ఏరా, నిన్నెవడు ఇమ్మన్నాడ్రా?" అని ఆ పుణె వాళ్ళ ముందే నా చెంప మీద కొట్టాడు. నా భార్య చేతిలో చీపురుతో అక్కడే నిలబడి ఉంది. ఆ పాప తల్లి మాత్రం తల తిప్పుకుంది. తర్వాత ఓనర్ వాళ్ళ వైపు తిరిగి, "సారీ అండి, మా వాడికి బుర్ర తక్కువండి" అన్నాడు.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం తెల్లటి కరెంటు కారు గేటు దగ్గర ఆగింది. నడుపుతున్నాయనకు యాభై ఏళ్ళుంటాయి. పక్క సీట్లో ఆయన తల్లి. విజయవాడ నుంచి వస్తున్నారు. ఆవిడ పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచిపోయి ఉన్నాయి. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి బీదర్ ఆసుపత్రిలో ఆవిడ అక్కకు ఆపరేషన్. లోపలికి తీసుకెళ్ళేలోగా ఒక్కసారి చూడాలని ప్రయాణం. ఆ రోజుకు ఇక కూర్చోలేనని ఆవిడ అంటే గుడారం తీసుకున్నారు. రాత్రంతా చార్జింగ్ పెట్టి తెల్లవారుజామున బయల్దేరాలని వాళ్ళ ఆలోచన.

"కార్లకు ఇయ్యం సార్. వ్యాన్లకే ఇస్తం. మా ఓనర్ ఒప్పుకోడు," అన్నాను.

"మీ ఓనర్‌తో మాట్లాడే వచ్చాను. నీతో నాకేం పనయ్యా? ప్లగ్గెక్కడుందో చూపించు చాలు," అన్నాడాయన.

ఓనర్‌కు ఫోన్ చేశాను. "మన ఊరివాళ్ళు రా, ఇవ్వు. దానికి కూడా నన్ను అడగాలా?" అని పెట్టేశాడు. ఇచ్చినందుకు కొట్టిన మనిషే ఇప్పుడు అడిగినందుకు తిడుతున్నాడు. ఆరో స్తంభం చూపించాను. ఆయన కారు డిక్కీలోంచి పొడవాటి వైరు తీసి తగిలించుకున్నాడు. చిన్న పచ్చదీపం వెలిగింది. తల్లి గుడారంలోకి పోతూ నా దగ్గర ఆగి, "కాస్త చల్లటి నీళ్ళు ఇప్పిస్తావా బాబూ?" అనడిగింది. కొడుకు మీద కోపంతో, "కుళాయి అటు దిక్కున్నది," అని చెయ్యి చూపించాను. ఆవిడ ఆ వాచిన కాళ్ళతో నడిచి వెళ్ళి పట్టుకుంది. నేను చూస్తూనే ఉన్నాను.

సాయంత్రం ఆరున్నరకు వాళ్ళిద్దరూ తిని పడుకున్నారు. నేను ఆరో స్తంభం దగ్గరికి వెళ్ళాను. దాని కింద ఇనుప పెట్టెలో రెండు మీటలు. ఒకటి సాకెట్టుది, రెండోది నీళ్ళ మోటరుది. సాకెట్టు మీట కిందికి దించాను. పచ్చదీపం ఆరిపోయింది.

గంట ఆగి మళ్ళీ వేద్దామనే అనుకున్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. రేపు పొద్దున ఆ మనిషి మొహం ఎట్లుంటుందో చూడాలనుకున్నాను, అంతే. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను. హాయిగా నిద్రపోయాను కూడా.

ఇంకా వెలుతురు రాకముందే కేకలు వినిపించాయి. కారులో చార్జి పద్నాలుగు శాతం దగ్గరే ఆగిపోయి ఉంది. చార్జింగ్ ఆగితే ఆయన ఫోనుకు కబురు వచ్చేదట. నిద్ర చెడుతుందని ఫోను ఆపేసి పడుకున్నాడు. ముందు గచ్చిబౌలి చార్జింగ్ స్టేషన్‌కు ఉరికాడు. షిఫ్టు దిగిన క్యాబులు అక్కడ వరసకట్టి ఉన్నాయని అరగంటకు వెనక్కొచ్చాడు. బాడుగ క్యాబు పిలిస్తే రెండు రద్దయ్యాయి. తల్లి గుడారం ముందు ప్లాస్టిక్ కుర్చీలో, ఒడిలో సంచీ పెట్టుకుని కూర్చుంది. చీర మార్చుకుని, తల దువ్వుకుని సిద్ధంగా ఉంది.

నేను చూడాలనుకున్న మొహం కనిపించింది. కోపమంతా పోయి, ఏం చెయ్యాలో తోచక నిలబడ్డ మొహం. "ఏవండీ, మీకెవరైనా క్యాబువాళ్ళు తెలుసా అండీ?" అని నన్నే అడిగాడు. నిన్న "నీతో ఏం పనయ్యా" అన్న నోటితోనే. లోపల నాకు తృప్తిగా ఉంది. "తెల్వదు సార్," అన్నాను. మూసాపేటలో మా చిన్నాయన కొడుకు క్యాబు నడుపుతాడు. ఒక్క ఫోను చేస్తే వచ్చేవాడు.

ఓనర్ వచ్చాడు. పెట్టె తెరిచి చూశాడు. "ఇది ఎవడో కావాలని దించాడు. ఎవరు?" అని నా వైపు చూశాడు. నా చెంప ముందే మండింది.

"మోటరు మీట అనుకుని ఆమె నొక్కిందేమో సార్. పొద్దుగూకంగ నీళ్ళు ఎక్కిచ్చింది," అన్నాను. ఆమె అంటే నా భార్య. ఆ వేళకే బకెట్టు పట్టుకుని అక్కడికొచ్చింది.

ఆమె నా వైపు చూసింది. తర్వాత ఓనర్ వైపు తిరిగి, "నేనే నొక్కిన సార్. తెల్వక జరిగింది," అంది.

"తెలీక? మా అమ్మ పొద్దుట్నుంచీ అలా కూర్చుని ఉంది, తెలుస్తోందా నీకు?" అని కొడుకు ఆమె మీద అరిచాడు. తల్లి అరవలేదు. కుర్చీలోంచే, "నువ్వు కూడా చూడాల్సినవాళ్ళని చూసుకోలేకపోతావు. రాసిపెట్టుకో," అంది నెమ్మదిగా. నా భార్య తలొంచుకుని ఆ మాట విన్నది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఏడు దాటాక మూడో క్యాబు వచ్చింది. వాళ్ళు వెళ్ళగానే ఓనర్ నా భార్యను పనిలోంచి తీసేశాడు. నన్ను ఉండమన్నాడు. ఉన్నాను.

మూడు రోజులకు కొడుకొక్కడే కారు కోసం వచ్చాడు. నేను నిండా చార్జింగ్ పెట్టి, అద్దాలు కూడా తుడిచి ఉంచాను. "మేం వెళ్ళేసరికే లోపలికి తీసుకుపోయారు. పెద్దమ్మ మళ్ళీ బయటికి రాలేదు," అని, ఎవరితో చెబుతున్నాడో తెలియనట్టు చెప్పి తాళం తీసుకున్నాడు. వారం తర్వాత ఆయన ఇంటర్నెట్లో మా మైదానం గురించి ఏదో రాశాడని ఓనర్ నాకు చదివి వినిపించాడు. అందులో ఆ పెద్దమ్మ చావు మాట కూడా ఉంది. "ఒక్క స్టారే ఇచ్చాడ్రా వెధవ," అని ఓనర్ బాధపడ్డాడు.

నా భార్య ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక టవర్‌కు ఊడ్చే పనికి కుదిరింది. పొద్దున ఐదింటికే నడిచి పోయేది. వంట చేసేది, వడ్డించేది. అవసరమైన మాట మాత్రమే మాట్లాడేది. ఒకరోజు నేనే ఉండబట్టలేక, "నేనే దించినట్టు నీకెట్ల తెలిసింది?" అనడిగాను.

"నేను మోటరు వేయనీకి వచ్చినప్పుడు నువ్వు పెట్టె మూస్తున్నవు. నవ్వుకుంట మూసినవు," అంది.

దసరా ముందు ఓనర్ మంచి ఖుషీ మీద ఉన్నప్పుడు దగ్గరికి వెళ్ళాను. ఆమెది తప్పు కాదు, మీట దించింది నేను, ఆమెను మళ్ళీ పనిలో పెట్టుకోండి సార్ అన్నాను. కొడతాడేమో అనుకున్నాను. ఆయన ఫోనులోంచి తల కూడా ఎత్తలేదు.

"నాకు ఆ రోజే తెలుసు. గుడారాల మీది కెమెరాలో కనిపించావుగా. ఎలక్ట్రీషియన్ దొరకడం కష్టంరా, ఊడ్చేవాళ్ళు బోలెడు మంది. పో, ఎనిమిదో స్తంభం కనెక్షన్ లూజుగా ఉంది, చూడు."

వెళ్ళి చూశాను. బిగించాను.

ఆ సాయంత్రం ఇదంతా నా భార్యకు చెప్పాను. ఓనర్ ఎంత దుర్మార్గుడో చెబుతున్నట్టుగా చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతూ విన్నది.

"ఆయనకు నేను కూలిదాన్ని. నీకు నేనేమైత?" అని అడిగింది.

ఇంకో ఎనిమిది నెలలు అక్కడే పనిచేశాను. ఆ తర్వాత ఆ జాగా ఒక బిల్డర్‌కు పోయింది. ఇప్పుడు మణికొండ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో కార్లకు చార్జింగ్ పాయింట్లు బిగిస్తున్నాను. పని బాగానే దొరుకుతోంది. మేమిద్దరం ఒక ఇంట్లోనే ఉన్నాం. బీదర్‌లో చనిపోయిన ఆవిడ పేరేమిటో నేను ఆ రోజు అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు.