అమావాస్యనాడు బిగుసుకుపోయిన ఆట

2023 వేసవి. యానాంలో గోదావరి గట్టుకు కూతవేటు దూరంలో ఒక చిన్న డాబా. కింద సత్తెమ్మ గారు ఉంటారు. తెల్లవారకుండానే చేపల మార్కెట్టుకు వెళ్ళి, పొద్దెక్కాక ఖాళీ గంపతో తిరిగొస్తారు. పైన రేకుల గదిలో ఆమె కూతురు భవాని ఒక వీడియో గేమ్ తయారుచేస్తోంది. కంపెనీ లేదు, జట్టు లేదు. కథ, బొమ్మలు, ప్రోగ్రాము, చప్పుళ్ళు అన్నీ ఒక్కతే. ఇలా ఎవరి కిందా పనిచేయకుండా సొంతంగా ఆటలు కట్టేవాళ్ళను ఇండీ డెవలపర్లు అంటారు.

ఆమె ఆటను పరీక్షించే గేమ్ టెస్టర్ని నేను. ఆట జనం చేతికి వెళ్ళకముందే ఆడి చూసి, ఎక్కడ తప్పుతోందో కనిపెట్టి చెప్పడం నా పని. ఆ తప్పుల్ని బగ్‌లంటాం. "ఆడుకుంటే డబ్బులిస్తారా?" అని ఆశ్చర్యపోయేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒకే తలుపు తెరిచి మూసి చూడండి, అది ఆటో పనో మీకే తెలుస్తుంది.

ఈ వృత్తిలోకి రాకముందు, కాలేజీ రోజుల్లో, ఊరూరా తిరిగి బాబాల గారడీల గుట్టు విప్పే బృందంలో ఉండేవాణ్ణి. గాలిలోంచి విబూది తీసే స్వామిని మేం ఒకటే అడిగేవాళ్ళం. చేతులు కడుక్కో, చొక్కా విప్పు, మా కళ్ళముందు మళ్ళీ తియ్యి. టెస్టింగులో దీన్నే రీప్రొడ్యూస్ చెయ్యడం అంటారు, అంటే తప్పును మళ్ళీ జరిపించి చూపించడం. మళ్ళీ జరిపించి చూపించలేనిది అక్కడ మహిమా కాదు, ఇక్కడ బగ్గూ కాదు. అందుకే వృత్తి మారినా పని మారినట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

భవాని అంతకుముందు హైదరాబాదులో జూదపు యాప్‌లు తయారుచేసే చోట పనిచేసింది. అక్కడ ఆమెకు అప్పగించిన పని నాణేల చప్పుడు.

"ఓడిపోయినా గెలిచినట్టే మోగాలంట బాబాయ్," అని ఒకసారి చెప్పింది. "పరీక్ష కోసమని నేనే ఆడాను. ఓడిపోయాను. సంతోషంగానే ఉంది. ఆ సాయంత్రమే మానేశాను."

తాయెత్తులు అమ్మేవాడు కనీసం ఒక రాగిరేకు చేతిలో పెడతాడు. ఇక్కడ అదీ లేదు. మనిషి బలహీనతను కొలిచి, దానికి తాళం వేసి వాయిస్తారు. దాన్ని కాదని వచ్చిన అమ్మాయిని వీధిలో జనం "ఇంకా ఆటలేనా?" అని నవ్వేవారు. నాకు మాత్రం ఆ గదికి మెట్లెక్కడమే ఒక గౌరవం.

ఆమె ఆట పేరు 'పాటు'. మడ అడవుల కాలువల్లో ఒక బెస్తపిల్ల పడవ నడుపుకుంటూ ఇంటింటికీ సరుకులు చేరవేస్తుంది. అంతే కథ. కానీ అందులో నీరు నిజమైన చంద్రుణ్ణి అనుసరిస్తుంది. మనం ఆడుతున్న రోజు తిథిని బట్టి పోటుకు నీరు ఎక్కుతుంది, పాటుకు దిగుతుంది. కాకపోతే ఆటలో ఆ ఎక్కడం దిగడం కొన్ని నిమిషాల్లోనే అయిపోతాయి. తిథితో నాకేమీ పేచీ లేదు. ఆకాశంలో చంద్రుడు ఎక్కడున్నాడో చెప్పే లెక్క అది. ఆ లెక్కకు మంచీ చెడూ అంటగట్టి బతికేవాళ్ళతోనే నా పేచీ.

ఆ పేచీ ఆ ఇంట్లోనే వచ్చింది. డెమో, అంటే జనం రుచి చూడటానికి ఉచితంగా పెట్టే ఆట ముక్క, ఇంటర్నెట్లో విడుదల చేయాల్సిన రోజు అమావాస్య అయింది.

"అమావాస్యనాడు ఎవరన్నా కొత్తపని మొదలెడతారా బాబూ? నీకంటే నమ్మకాల్లేవు. నా కూతురిక్కూడా లేకుండా చేత్తున్నావు," అన్నారు సత్తెమ్మ గారు.

"అమావాస్యనాడు మీరు మార్కెట్టు మానేస్తారా సత్తెమ్మ గారూ?"

"నేనెందుకు మానేత్తాను? తినేవోళ్ళు మానేత్తారేంటి?"

"మరి ఆడేవాళ్ళు మానేస్తారా?"

"నీతో మాటాడేకన్నా పండుగప్ప చేపకి పొలుసు తియ్యడం తేలిక," అని ఆమె కిందికి దిగిపోయారు. డెమో అమావాస్యనాడే వెళ్ళింది.

మర్నాటి నుంచి మొదలైంది. ఆడినవాళ్ళు రాసిన మాటలు చదువుతుంటే భవాని ముఖం పాలిపోయింది. "ఆట బిగుసుకుపోయింది." "హ్యాంగ్ అయింది, ఏ బటన్ నొక్కినా చలనం లేదు." "బొమ్మలు బాగున్నాయి కానీ ఈమెకు ఆట కట్టడం రాదు."

ఆమె ప్రోగ్రామంతా వెతికింది. ఎక్కడా బిగుసుకుపోలేదు. నేను ఆడాను, నాకూ బిగుసుకుపోలేదు. నాలుగు రోజులు గడిచేసరికి ఫిర్యాదులు తగ్గాయి. ఊపిరి పీల్చుకున్నాం. పౌర్ణమి దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ వెల్లువెత్తాయి.

కళాకారుడి వేదన గురించి మనవాళ్ళు అందంగా రాస్తారు. వేదనలోంచే గొప్ప సృష్టి పుడుతుందని, ప్రతిభ దైవదత్తమని, ఆ కటాక్షం ఉన్నవాళ్ళకు కష్టాలు తప్పవని. ఇవన్నీ ఒట్టి మాటలు. నేను దగ్గరగా చూసిన వేదనలో అందమేమీ లేదు. ఒక అమ్మాయి ఎవరో ముక్కూముఖం తెలియనివాడు రాసిన వాక్యాన్ని పొద్దస్తమానం తిరిగి తిరిగి చదువుకుంటోంది. మెచ్చుకుంటూ రాసినవి కూడా ఉన్నాయి, వాటిలో ఒక్కటీ ఆమెకు గుర్తు లేదు. "నాకు రాదేమో బాబాయ్. ఆ నాణేలు మోగించడమే వచ్చేమో," అంది. నా దృష్టిలో దీనికి కారణం గ్రహచారం కాదు. తప్పులు వెతికే నేను తప్ప, ఆ గదిలో ఆమె పనిని చూసి "ఇది బాగుంది, ఇది బాగోలేదు" అని ఎదురుగా నిలబడి చెప్పేవాళ్ళు లేకపోవడం.

ఒకరోజు నేను వెళ్ళేసరికి గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. సత్తెమ్మ గారు ఉప్పు పిడికిట పట్టుకుని కూతురి చుట్టూ తిప్పుతున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"ఉప్పు దిగదుడిస్తే ప్రోగ్రాము బాగుపడుతుందా?"

"పోగ్రాము సంగతి నాకెందుకు బాబూ? పిల్ల అన్నం తింటంలేదు. నువ్వేదన్నా చెయ్యి. నువ్వు చేసేదాకా నాకు తెలిసింది నే చేత్తాను."

ఆమెకు అడిగే హక్కుంది.

ఆ వారమే ఒక ఆటల పంపిణీ కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. ఆట తమకు నచ్చిందని, అయితే బిగుసుకుపోవడానికి ఈ చంద్రుడి లెక్కలే కారణమై ఉంటాయని, నీటిని ఎప్పుడూ ఒకే మట్టాన ఉంచితే తామే విడుదల చేస్తామని రాశారు. భవాని ఒప్పుకుందామనుకుంది.

"పోటూ పాటూ లేకపోతే అది గోదారెలా అవుతుందమ్మా? చెరువవుతుంది," అన్నాను.

"చెరువైతే చెరువే బాబాయ్. చెరువుని ఎవరూ తిట్టరు."

తీసేయడం ఆమె ఇష్టం. కానీ కారణం తెలియకుండా తీసేయడం దిష్టికి మిరపకాయలు కట్టడంలాంటిదే. ఫిర్యాదులు వచ్చిన తేదీలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఒక గుంపు అమావాస్య చుట్టూ, ఇంకో గుంపు పౌర్ణమి చుట్టూ. మధ్యలో దాదాపు ఖాళీ. ఈ సంగతి చెప్పగానే సత్తెమ్మ గారి కళ్ళు మెరిశాయి.

"నే చెప్పలా!"

"మీరు చెప్పిన రోజు నిజం సత్తెమ్మ గారూ. కారణం అబద్ధం."

"ఆయ్! అయితే నిజవైన కారణం నువ్వు చెప్పు మరి."

భవాని చంద్రుడి లెక్కను మళ్ళీ సరిచూసింది. నీరు ఎక్కవలసినంత ఎక్కుతోంది, దిగవలసినంత దిగుతోంది. తప్పే లేదు. "వచ్చే అమావాస్య దాకా ఆగు. ఆ రోజు ఈ ఆట ఎన్నడూ చూడని మనిషిని నీ పక్కన కూర్చోబెడతాను. అప్పటికీ తేలకపోతే నీ ఇష్టం," అని బతిమాలాను. అయిష్టంగానే సరే అంది.

నేను ఎంచుకున్న మనిషి శ్రీను. మెట్ట ప్రాంతం నుంచి యానాం వచ్చి ఆటో తోలుకుంటున్నాడు. బేరాల మధ్య ఖాళీలో ఫోన్లో ఆటలాడటం అతని సరదా. అమావాస్యనాడు మధ్యాహ్నం ఆటో కింద పెట్టి పైకొచ్చాడు. ఈ రకం పరీక్షలో కఠినమైన నియమం ఒకటుంది. ఆట తయారుచేసినవాళ్ళు పక్కనే కూర్చోవాలి, కానీ నోరు తెరవకూడదు. దారి చూపకూడదు. అయ్యో అనకూడదు. ఆట కొనుక్కున్నవాడి ఇంట్లో పక్కన నువ్వుండవు కదా, అందుకు.

శ్రీను హుషారుగా పడవ తోలాడు. "భలే ఉందండీ! ఇది మన దరియాలతిప్ప ఏపు కదండీ?" అంటూ ఒక కాలువలోకి తిప్పాడు. పాటు మొదలై నీరు తీస్తోంది. పడవ నెమ్మదించింది. ఆగిపోయింది. ముందుకు నొక్కాడు. వెనక్కి నొక్కాడు. అన్ని బటన్లూ నొక్కాడు.

"బిగుసుకుపోయిందండి," అన్నాడు నా వైపు తిరిగి.

నేను తెర వైపు చూశాను. భవానీ చూసింది. ఆట బిగుసుకుపోలేదు. కొంగలు నడుస్తున్నాయి, మడచెట్ల ఆకులు కదులుతున్నాయి. పడవ బురదలో కూర్చుంది, అంతే. నీరు తీస్తే పడవ కూర్చోక ఏంచేస్తుంది? భవాని నోటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏదో చెప్పబోతే నేను వేలెత్తి ఆపాను. శ్రీను ఆటను మూసేయడానికి మౌస్ మీద చెయ్యి వేశాడు.

అప్పుడే గుమ్మంలోంచి కేక వినబడింది. టీ గ్లాసులు పట్టుకుని వచ్చిన సత్తెమ్మ గారు ఎప్పటినుంచి చూస్తున్నారో తెలియదు.

"ఓరి నీ తెలివి తగలెయ్య! పాటు తీసేసింది కదరా! బురదలో బండెట్టుకుని హారను కొట్టినట్టు ఆ నొక్కుడేంటి? దిగు! దిగి పీతలు పట్టుకో! నీరొచ్చినప్పుడు అదే లేత్తాది పడవ!"

"దిగొచ్చాండీ?" అన్నాడు శ్రీను. "దిగొచ్చని ఎవరు చెప్పారండీ?"

ఎవరూ చెప్పలేదు. భవాని ఆటలో ఎక్కడా చెప్పలేదు. ఆమె ఆడేటప్పుడు పడవ నేలకు తగలగానే చెయ్యి దానంతటదే దిగే బటన్ మీదికి పోయేది. నాకూ అంతే, నేనూ ఈ గట్టు మీద పుట్టినవాణ్ణే. పడవ కూర్చుంటే దిగాలని మాకెవరూ నేర్పిన గుర్తు లేదు. అందువల్ల ఫిర్యాదుల్లో "బిగుసుకుపోయింది" అన్న మాట చదివినప్పుడు మేమిద్దరం ప్రోగ్రాములో తప్పు వెతికాం. అష్టమి నవముల్లో నీరు కొద్దిగానే తీస్తుంది, పడవ తేలే ఉంటుంది. అమావాస్యకూ పౌర్ణమికీ బాగా తీస్తుంది, కూర్చుంటుంది. ఇదీ ఆ దిష్టి.

శ్రీను దిగాడు. బురదలో కాలు పడగానే 'చవుక్' మని చప్పుడు. పీత బొరియలు, నీటి గుంటల్లో ఎగిరే చిన్న చేపలు, దూరంగా బురద మీద కూర్చుని కబుర్లాడుకునే ముసలి బెస్తలు. భవాని ఆ చప్పుడొక్కదాని కోసమే గట్టు దిగి, చీలమండల లోతు బురదలో రికార్డరు పట్టుకుని తిరిగింది. ఆ ఆటలో ఆమె ప్రాణం పెట్టి చేసిన భాగమంతా పాటు తీసిన నేల మీదే ఉంది. అక్కడిదాకా చేరకుండానే అందరూ ఆట మూసేసి వెళ్ళిపోయారు.

కింద ఎవరో "ఆటో!" అని పిలిచారు. శ్రీను పలకలేదు. "ఒక్క పీతండీ, ఇదొక్కటీ పట్టేసి వత్తానండీ," అంటూనే ఉన్నాడు. నీరొచ్చి పడవ లేచినా ఎక్కలేదు. భవాని ఏడుస్తోంది. ఆ ఏడుపును ఆపాలని ఎవరికీ అనిపించలేదు.

ఆ తర్వాత తెర మీద రెండు వాక్యాలు పెడితే సరిపోయేది. భవాని ఒప్పుకోలేదు. ఆ తిట్టే కావాలంది. రికార్డరు ముందు కూర్చోబెట్టగానే సత్తెమ్మ గారు "దయచేసి పడవ దిగండి నాయనా" అంటూ వార్తలు చదివినట్టు చదివారు. ఎన్నిసార్లు అడిగినా అంతే మర్యాద. చివరికి శ్రీనును మళ్ళీ పిలిపించి, పడవ బురదలో పెట్టి ఊరికే బటన్లు నొక్కమన్నాం. అప్పుడొచ్చింది అసలు గొంతు. ఇప్పుడు ఆటలో పడవ నేలకు తగిలి, మనం రెండుసార్లు అనవసరంగా నొక్కితే, గట్టు మీంచి ఒక తల్లి తిడుతుంది.

నీటిని మార్చబోనని భవాని ఆ కంపెనీకి రాసింది. వాళ్ళు మర్యాదగా తప్పుకున్నారు. ఆట తనే విడుదల చేసుకోవాలి. ఏ రోజు పెట్టాలన్న మాట వచ్చింది.

"అమావాస్యకే పెట్టు," అన్నారు సత్తెమ్మ గారు. "ఆ రోజే కదే బురద బాగా తేలేది."

పూర్తి ఆట బయటికొచ్చాక కూడా విసుక్కున్నవాళ్ళు ఉన్నారు. నీరొచ్చేదాకా ఆగలేమన్నారు. భవాని ఆ మాటలు చదువుతుంది, ఒక్కోసారి బాధపడుతుంది, కిందికి దిగి అన్నం తింటుంది. ఆట నచ్చలేదంటే అది ఒక అభిప్రాయం, దాన్ని మోయవచ్చు. తను కట్టింది ఎదుటివాడికి చేరనే లేదని తెలియక, తనకే చేతకాదనుకోవడం మోయలేని బరువు. ఒంటరిగా పనిచేసేవాళ్ళు ఎక్కువమంది ఆ రెండో బరువు కిందే కుంగిపోతారని ఆ అమావాస్యనాడు తెలుసుకున్నాను.

ఇప్పుడు ఏ ఇండీ డెవలపర్ నా దగ్గరికి వచ్చినా మొదట ఒకటే అడుగుతాను. ఎవరూ చెప్పకుండానే నీకు తెలిసిపోయినది నీ ఆటలో ఏముంది? ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. చెప్పగలిగేదైతే ఆటలోనే చెప్పి ఉండేవాళ్ళు. అందుకే ఆ ప్రశ్న అడిగి ఊరుకోను. పక్కన ఇంకో కుర్చీ వేసి, ఆ ఊరుగాని మనిషిని ఒకర్ని తెచ్చి కూర్చోబెడతాను.