ఏడు విజిల్స్ బంగాళాదుంపలు

కోనసీమలో పుట్టి, కంద, చేమ, పెండలం తిని ఒళ్ళు పెంచినవాణ్ణి, బంగాళాదుంప ముందు పరువు పోగొట్టుకున్నానంటే మీరు నమ్మరు. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిసారి దుంపలు పోయాయి. రెండోసారి ఏం పోయిందో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

నా భార్య పద్మ రెండేళ్ళ ఒప్పందం మీద మస్కట్‌లో నర్సు ఉద్యోగానికి వెళ్ళిన ఏడాది అది. నాకు రాజోలులో మోటార్లు బాగుచేసే కొట్టుంది. పగలంతా జనం, సాయంత్రానికి ఇంట్లో నేనూ ఫ్యానూ. ఒక్కడికోసం ఏం వండుతాంలే అని మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటూ ఉంటే, పద్మ కొనిపెట్టి వెళ్ళిన బంగాళాదుంపలు బుట్టలోనే మొలకలెత్తాయి. పారేయడానికి చెయ్యి రాలేదు. రెండు బియ్యం సంచుల్లో ఇసుకమట్టి నింపి, ప్రహరీ పక్కన పెట్టి వాటిలో పాతాను. రోజూ వాటితో మాట్లాడేవాణ్ణి కూడా. నవ్వకండి, ఆ ఇంట్లో నా మాట వినేవి అవే.

మాఘమాసంలో ఒక సంచి బోర్లిస్తే నిమ్మకాయలంత లేత దుంపలు రాలాయి. అలాంటివి ఒక్కణ్ణే కూర్చుని తినడం అన్యాయమనిపించింది. నిజం చెప్పాలంటే, నా కంచానికి ఎదురుగా ఇంకో కంచం చూసి నెలలైంది. పక్కింటి సుబ్బలక్ష్మి పిన్నిగారిని, బాబాయిగారిని ఆదివారం భోజనానికి పిలిచాను.

"నువ్వొండుతావా అబ్బాయ్?" అన్నారు పిన్నిగారు.

"ఆయ్, నేనేనండి. దుంపలు గోళీల్లా కంచంలో దొర్లుతాయండి, చూద్దురుగాని."

ఆ గోళీల మాట ఎందుకన్నానో నాకిప్పటికీ తెలీదు.

మావైపు వాళ్ళకి దుంప అనగానే ముందు గుర్తొచ్చేది దురద. కంద సరిగ్గా ఉడక్కపోతే గొంతు పట్టుకుని పెరడంతా తిరగాలి. చిన్నప్పుడు తిరిగాను కూడా. ఇప్పుడు ఇద్దరు పెద్దవాళ్ళ గొంతులు నా చేతిలో ఉన్నాయన్న భయంతో, దుంపల్ని కుక్కర్లో పడేసి ఏడు విజిల్స్ రానిచ్చాను. మూత తీస్తే దుంపలు లేవు. తొక్కలు తేలుతున్న జావ ఉంది. ఒక్కటైనా బతికుందేమోనని గరిటతో వెదికాను. లేదు.

గాభరాగా మస్కట్‌కి ఫోన్ చేశాను.

"ఎన్ని విజిల్స్ పెట్టేరండీ?" అంది పద్మ.

"ఏడు."

"ఏడెందుకండీ?"

"దురదెడతాయేమోనని."

పద్మ పకపకా నవ్వింది. అక్కడికి వెళ్ళాక అంతలా నవ్వడం అదే మొదలు. అది వింటూ జావ సంగతే మరిచిపోయాను.

"లేత దుంపలకి కుక్కరే వద్దండి. తొక్కతోనే చన్నీళ్ళలో వేసి, ఉప్పు, కాస్త చింతపండు రసం పొయ్యండి. పులుపు తగిల్తే చెదరవు. సన్న మంట మీదుంచి, పుల్ల గుచ్చితే దిగగానే దింపెయ్యండి. చల్లారేకే తొక్క తియ్యాలి. వేపేటప్పుడు గరిట పెట్టకండి, మూకుడు పట్టుకుని కదపండి, చాలు."

ఇంతలో డ్యూటీకి పిలిచారని పెట్టేసింది.

అతిథులు వచ్చేశారు. జావని ఉల్లిపాయ, పచ్చిమిర్చి పోపులో తిప్పి వడ్డించాను. బాబాయిగారు కంచంలోకి తొంగిచూసి, "గోళీలేవోయ్?" అన్నారు.

"కరిగిపోయేయండి."

పిన్నిగారు మాత్రం అడిగి మరీ రెండోసారి వేయించుకున్నారు. మా గోదావరి మర్యాద అలాంటిది. వెళ్తూ వెళ్తూ, "ఇంక నువ్వొండకు నాయనా. పద్మ వచ్చేదాకా ఆదివారాలు మా ఇంట్లోనే తిను" అన్నారు.

తిన్నాను, నాలుగు ఆదివారాలు. కంచాల చప్పుడు, బాబాయిగారు చెప్పిన కబురే మళ్ళీ చెప్పడం, సరిగ్గా తినడం లేదని పిన్నిగారు కసరడం. ఆదివారం కోసం సోమవారం నుంచే ఎదురుచూసేవాణ్ణి.

అక్కడితో ఊరుకుంటే బాగుపడేవాణ్ణి. నాకు పరువు గుర్తొచ్చింది. ఐదో ఆదివారం రెండో సంచి బోర్లించి, పద్మ చెప్పింది చెప్పినట్టు చేశాను. ఒక్క దుంపా చెదరలేదు. గిన్నె పట్టుకుని, ఛాతీ విరుచుకుని పక్కింటికి వెళ్ళాను.

పిన్నిగారు ఒక దుంపని కంచంలో దొర్లించి చూశారు. "ఎంత బాగా ఒండేవయ్యా. చెయ్యి తిరిగిపోయింది నీకు."

"ఆయ్" అన్నాను పొంగిపోతూ.

"పోన్లే, ఇన్నాళ్ళూ మొహమాటపడుతూ మా ఇంటికొచ్చేవు. ఇంక ఆ ఇబ్బంది లేదు నీకు."

మొహమాటం కాదండీ అని చెప్పబోయాను. నోట్లో దుంప ఉంది. అది మింగేలోగా బాబాయిగారు మాట మార్చేశారు.

తర్వాతి ఆదివారం పదకొండింటికే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వరండాలో కూర్చున్నాను. గోడవతల కంచాలు పెట్టిన చప్పుడు వినిపించింది. పిలుపు రాలేదు. పిలవని భోజనానికి వెళ్ళడం నాకు చేతకాదు. ఇబ్బందిపడే మనిషిని పదేపదే పిలవడం పిన్నిగారికి చేతకాదు. రెండింటిదాకా చూసి, లోపలికి వెళ్ళి మిగిలిన దుంపలు వండుకున్నాను. గుండ్రంగా, ఒక్కటీ విడకుండా కుదిరాయి. వాటిని చూస్తే ఏడుపొచ్చింది.

పద్మ రెండేళ్ళని వెళ్ళి ఇది నాలుగో ఏడు. పక్కింటి నుంచి ఆదివారం పిలుపు మళ్ళీ రాలేదు. ఈ ఏడూ సంచుల్లో దుంపలు ఊరాయి. అందుచేత మీ అందరి సమక్షంలో, కుక్కర్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఆవిడ తిరిగొచ్చేదాకా నా చేతి బంగాళాదుంప ఒక్కటి కూడా చెదరకుండా పక్కింటివాళ్ళ కంట పడదు. ఈ ఆదివారం తొమ్మిది విజిల్స్ పెట్టి, ఆ గిన్నె పట్టుకుని పిన్నిగారి గుమ్మంలో నిలబడతాను.