పిలుపులో మొదటి సెకను

ప్రొద్దుటూరులో లాల్ బాషా అంగడికి బోర్డు లేదు. ముప్పై ఏళ్ళు ఆంప్లిఫయర్లు బాగుచేసిన చేతులతోనే అతను లాప్‌టాప్‌లు విప్పడం నేర్చుకున్నాడు. విండోస్ మోయలేక చతికిలబడ్డ పాత వాటికి లినక్స్ ఎక్కించి, ఇంకో అయిదేళ్ళు నడిపిస్తాడు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది నోటుబుక్కులో రాసుకోవాలి. అతని చదువంతా అదే. అందుకే షంషాద్ లాప్‌టాప్ మూడోసారి తిరిగొచ్చేసరికి తలవంపుగా అనిపించింది.

“నిన్న చావిట్లో పెట్టి చూస్తిమి. మళ్ళీ ఊరి పేరు మింగింది బాషన్నా,” అందామె.

షంషాద్‌ది నీళ్ళలో మునిగిన రేగడిదిన్నె. ఊరు ఇప్పుడు కొండాపురం పక్కన ఒక కాలనీ. పీర్ల పండగకు గుండం ముట్టించే ముందు చావిట్లో కరెంటు ఆపేసి, నూనె దీపం వెలుతురులో, నూరు లెక్కపెట్టేంత సేపు ఎవరూ మాట్లాడకుండా కూర్చోవాలి. అప్పుడు షంషాద్ నాయన మెహతాబ్ ఊరి పేరెత్తి పిలిచేవాడు: “రేగడిదిన్నె బిడ్డలొచ్చినారు, రా స్వామీ.” ఊరి పేరు వినపడితేనే నిప్పు. మెహతాబ్ పోయాక ఆ గొంతు ఒక్క రికార్డింగులోనే మిగిలింది. ఊరు ఖాళీ చేసిన రోజు పాత చావిట్లో షంషాద్ ఫోన్లో పట్టుకున్నది అది.

మొదటి ఏడు ఫోను నుంచే వినిపించారు. సరిగ్గా పిలుపు మధ్యలో ఎవరో ఫోన్ చేయడంతో స్పీకరు పెట్టెల్లో డాన్సు పాట మోగింది. ఇక చావిట్లోకి ఫోను రాకూడదన్నారు. తర్వాత రెండేళ్ళూ లాప్‌టాప్. రెండేళ్ళూ “...బిడ్డలొచ్చినారు” అనే వచ్చింది. నీళ్ళు మింగిన పేరును మిషను కూడా మింగిందన్నారు; పీర్లకే ఈ చోటు గిట్టలేదన్నారు. గుండం ముట్టలేదు. ఈసారీ పేరు పలకకపోతే పీర్లను జమ్మలమడుగు చావిడికి అప్పగించేయాలని పెద్దలు తేల్చారు. పండగ రేపే.

లాల్ బాషా ఛార్జరు తగిలించి వినిపించాడు. వీధి రొదలో కూడా ఊరి పేరు స్పష్టంగా తెలిసింది.

“ఈడ పలుకుతాంది కదమ్మా.”

“ఈడ ఎప్పుడూ పలుకుతాది. ఆడికొస్తేనే మూగబోతాది. నువ్వే ఒకసారి రాన్నా.”

ఇన్నేళ్ళూ మిషన్లే అతని దగ్గరికి వచ్చాయి. మిషను ఉండే చోటికి అతను పోయింది లేదు. తెల్లారి జమ్మలమడుగు మీదుగా కొండాపురం బస్సెక్కాడు.

చావిట్లో కాలనీ పెద్ద ఆదినారాయణ గోడకానుకుని కూర్చున్నాడు. “పాటల పెట్టె కాదప్పా ఇది. పీరు అలిగితే నీ స్క్రూడ్రైవరేం చేస్తాది?”

“అలిగింది ఎవరో చూస్తాం మామా. కరెంటు తీయించు. పండగనాడు ఎట్ల కూచుంటారో అట్లనే కూచోండి.”

లాప్‌టాప్ ఛార్జరు తీశారు. ఆంప్లిఫయరును కారు బ్యాటరీకి తగిలించారు. అందరూ నోరు కట్టేసుకున్నారు. అప్పుడు పెద్ద పెట్టెల్లోంచి టక్ మంది, ఎవరో నేలమీద చేతికర్ర ఆనించినట్టు.

“నాయన కర్ర,” అంది షంషాద్ మెల్లగా.

లాల్ బాషా పెట్టెలకేసి ఒకసారి చూశాడు. నూరు లెక్కపెట్టి మీట నొక్కాడు. మళ్ళీ టక్. “...బిడ్డలొచ్చినారు.”

తీసేసిన ఛార్జరు వైరు చేతిలోకి తీసుకున్నాడు. అంగట్లో ఛార్జరు ఎప్పుడూ తగిలించే ఉంటుంది. ఇక్కడ నడిచేది బ్యాటరీ మీద. అప్పుడు కరెంటు మిగిల్చేందుకు, చప్పుడు లేని క్షణం చూసి, లినక్స్ సౌండు కార్డును నిద్రపుచ్చుతుంది; ఆ టక్ అదే. అది లేచేలోపు మొదటి సెకను పోతుంది. పోయేది ఊరి పేరు. వీళ్ళు భక్తిగా పాటించే నిశ్శబ్దమే దాన్ని జోకొడుతోంది.

సెట్టింగు తెరిచాడు. పవర్ సేవ్: ఒకటి. కార్డు నిద్రే పోకుండా సున్నా చేసి, ఆపి మళ్ళీ వేసినా నిలిచేలా ఫైల్లో రాసి, రీస్టార్ట్ చేసి చూసుకున్నాడు. టక్ రాలేదు. ఇక వినిపించి చూద్దామని చెయ్యి చాస్తే ఆదినారాయణ అడ్డుపడ్డాడు.

“వద్దప్పా. ఇంతసేపు పేరు రాలేదు గనక సరిపాయ. పేరుతో పిలిస్తే స్వామి వచ్చేస్తాడు. గుండంలో ఇంగా కట్టెలే పడలే.”

పరీక్షించని పనిని లాల్ బాషా ఎన్నడూ ఎవరి చేతికీ ఇవ్వలేదు.

సందకాడ కరెంటు ఆపారు. లాల్ బాషా ఆంప్లిఫయరు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. దీపం ముందు వెండి పీర్లు మెరుస్తున్నాయి. టక్ లేదు. దానికి బదులు పెట్టెల్లోంచి సన్నగా, ఆగకుండా ఒక మోత. నిద్రపోని కార్డు మోత అది, అతనికి తెలుసు. తెలిసినా, ఎవరో మైకు ముందుకొచ్చి ఊపిరి బిగబట్టి నిలబడినట్టే ఉంది. షంషాద్ మీట నొక్కింది.

ముందు వచ్చింది పేరు కాదు, అరక్షణం పాటు నీళ్ళు. రాతిమెట్టుకు ఒక్కసారి తగిలి వెనక్కిపోయిన నీళ్ళు. ఊరు వదిలిన రోజు పాత చావిడి గడప దాకా వచ్చినవి. అంగడి రొదలో అతనికి ఎన్నడూ వినపడనివి. ఆ నీళ్ళ మీదుగా మెహతాబ్ గొంతు లేచింది: “రేగడిదిన్నె బిడ్డలొచ్చినారు, రా స్వామీ.”

ముందు వరసలోని ఆడవాళ్ళు చీర కుచ్చెళ్ళు పట్టుకుని కాళ్ళు మెల్లగా దగ్గరికి లాక్కున్నారు. ఆదినారాయణ వంగి నేలను అరచేత్తో తడిమాడు. ఆ చేతినే కాసేపు చూసుకుని లేచాడు.

“పేరు పలికింది. నిప్పు పెట్టండి.”

బయట మంట లేచింది, తప్పెట్లు మొదలయ్యాయి. లాల్ బాషా నోటుబుక్కు తెరిచి, ‘పని చేసింది’ అని రాయబోతూ కిందికి చూసుకున్నాడు. అతని పాదాలు రెండూ నేలను వదిలి, ఎప్పుడు ఎక్కాయో, స్టూలు అడ్డకర్ర మీద ఉన్నాయి.